సొరచేప విలనూ, వాడి నీళ్ళ షరతూ

పోయిన సంచికలో ఈ శీర్షిక చివర్న "కామిక్స్‌లో మీకు నచ్చిన విలన్ ఎవరు, ఎందుకు?" అని ఊరికే ఒక లైను వేశాం. అందరూ జోకర్ పేరే రాస్తారనుకున్నా. తీరా చూస్తే వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్ళలో ఎక్కువ భాగం సముద్రం విలన్ల మీదే. చెన్నైలో కాపురం పెట్టాక ఆ మాత్రం ఉప్పుగాలి తగలకుండా ఉంటుందా! అందుకని ఈసారి ఇంటి లోన్లూ, అత్తాకోడళ్ళూ, జుట్టు రాలడాలూ అన్నీ పక్కన పెట్టి చోటంతా వీళ్ళకే ఇచ్చేస్తున్నా. పొడుగు ఉత్తరాలు కుదించాను. పేర్లు వద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి అందరివీ తీసేశాను.

ప్రశ్న: అన్నా, నేనూ నా రూమ్మేటూ ఒకే గొడవ మీద ఉన్నాం. సముద్ర జంతువు శక్తులున్న విలన్లలో డాక్టర్ ఆక్టోపస్‌ని మించినవాడు లేడని వాడు, అసలు టైగర్ షార్క్ అనేవాడు ఒకడున్నాడని నేను. వాడెవడో మా హాస్టల్లో ఎవరికీ తెలియదు, నేనే కల్పించానంటున్నారు. మీరే చెప్పండి.
— ఇంజనీరింగ్ విద్యార్థి, పెరంబూరు

గెలిచింది నువ్వే తమ్ముడూ, కానీ ఎందుకు గెలిచావో తెలుసుకుని మరీ గొడవపడు.

డాక్టర్ ఆక్టోపస్ ఒంట్లో ఆక్టోపస్ అనేది చుక్కంత కూడా లేదు. 1963లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి స్పైడర్‌మ్యాన్ పత్రిక మూడో సంచికలో తెచ్చిన పాత్ర అది. ఆటో ఆక్టేవియస్ అనే శాస్త్రవేత్త, ప్రమాదకరమైన పదార్థాల్ని దూరం నుంచి పట్టుకోవడానికి నాలుగు లోహపు చేతులున్న పట్టీ ఒకటి నడుముకి కట్టుకుని పనిచేస్తుంటాడు. ప్రయోగశాలలో పేలుడు జరిగి, రేడియేషన్ తగిలి ఆ పట్టీ ఒంటికి అతుక్కుపోతుంది. అంతే. తన రెండు చేతులూ, రెండు కాళ్ళూ కలిపితే ఎనిమిది అయ్యాయి కాబట్టి ఆ పేరు. నిజం ఆక్టోపస్‌కి మూడు గుండెలు, రాగి వల్ల నీలంగా ఉండే రక్తం, దాదాపు 50 కోట్ల నాడీకణాలు. వాటిలో మూడింట రెండు వంతులు తలలో కాదు, చేతుల్లో ఉంటాయి, అంటే ఒక్కో చెయ్యీ తన పని తను సగం ఆలోచించేసుకుంటుంది. 2004లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ రెండో సినిమాలో ఆ లోహపు చేతులు తమంతట తాము ఆలోచించడం చూశాం కదా, ఆక్టోపస్‌కి దగ్గరగా వెళ్ళింది అక్కడే అని నాకనిపిస్తుంది.

టైగర్ షార్క్ సంగతి వేరు, వాడికి ఒంట్లోనే సొర. మార్వెల్ వాళ్ళ సబ్‌మెరైనర్ పత్రిక ఐదో సంచిక, 1968. కథ రాయ్ థామస్, బొమ్మలు జాన్ బ్యుసెమా. అసలు పేరు టాడ్ ఆర్లిస్. ఒలింపిక్ ఈతగాడు, పేరు కోసం పడిచచ్చే రకం. సముద్రంలో మునిగిపోతున్న ఒక మనిషిని కాపాడబోతే అల ఎత్తి ఓడకేసి కొడుతుంది, వెన్ను దెబ్బతిని ఈత పోతుంది. గమనించు, వాడు పాడైంది దొంగతనానికి వెళ్ళి కాదు, మంచి పనికి వెళ్ళి. మళ్ళీ ఈదాలి, అంతే, ఏమైనా సరే ఈదాలి అనే పిచ్చిలో లెమ్యుయెల్ డార్కస్ అనే శాస్త్రవేత్త దగ్గరికి పోతాడు. ఆ మహానుభావుడు ఆ పత్రిక హీరో, సముద్రపు రాజు నేమోర్‌ని పట్టి బంధించి, అతని లక్షణాలు కొన్నీ, పులిచారల సొర లక్షణాలు కొన్నీ యంత్రం పెట్టి వీడి ఒంట్లోకి ఎక్కిస్తాడు. వెన్ను బాగవుతుంది. మొప్పలొస్తాయి, కోరపళ్ళొస్తాయి, ఓడని తలతో గుద్దేంత బలమొస్తుంది, దాంతోపాటు నెత్తురు కోరే కోపం కూడా వస్తుంది. ఈత తిరిగొచ్చింది గానీ ఇంక ఏ పోటీలో దిగుతాడు? ఏ కొలను వాడిని రానిస్తుంది?

నాకు వాడు నచ్చేది ఇంకో కారణానికి. నీళ్ళకి దూరమైతే వాడి బలం తగ్గిపోతుంది. అందుకే ఒంటికి ఎప్పుడూ నీళ్ళు తగులుతుండేలా ఒక సూటు తొడుక్కుని తిరుగుతాడు, సూటు చిరిగిందా పని అయిపోయినట్టే. మొసలి సంగతి మనవాళ్ళు ఎప్పుడో చెప్పారుగా, నీళ్ళలో ఉంటే ఏనుగుని లాగుతుంది, గట్టెక్కితే కుక్క చేతిలో కూడా పరాభవమే. కామిక్స్‌లో గుర్తుండిపోయే విలన్లని చూడు, వాళ్ళ శక్తి కంటే ఆ శక్తికి ఉన్న షరతే కథని నడిపిస్తుంది. షరతు లేని విలన్ నాలుగు పేజీలకే బోరు.

ఇంకా మీ రూమ్మేట్‌కి చెప్పడానికి: నేమోర్ తండ్రిని చంపింది ఈ టైగర్ షార్కే. 1980లలో అవెంజర్స్ అనే హీరోల జట్టు భవనాన్ని ముట్టడించిన మాస్టర్స్ ఆఫ్ ఈవిల్ అనే విలన్ల గుంపులో కూడా ఉన్నాడు. అన్నిటికంటే సరదా సంగతి, వీడి చెల్లెలు డయాన్ పెళ్ళి చేసుకుంది స్టింగ్‌రే అనే హీరోని, టేకు చేప ఆకారంలో సూటు వేసుకునే వాల్టర్ న్యూవెల్‌ని. అంటే మన విలన్ ఆ హీరోకి స్వయానా బావమరిది. పండక్కి ఇద్దరూ ఒకే ఇంట్లో భోజనానికి కూర్చుంటే ఎలా ఉంటుందో ఏ రచయితైనా పూర్తి సంచిక రాస్తే నేను డబ్బు పెట్టి కొంటా.

ప్రశ్న: సంపాదకులకు నమస్కారం. నేను రైల్వేలో చేసి రిటైరైనవాణ్ణి. మా మనవడు పొద్దస్తమానం ఈ కోరల విలన్ల పుస్తకాలే. మా రోజుల్లో చందమామ ఉండేది, నీతి ఉండేది. పిల్లలకి రాక్షసుల్ని ఇలా మప్పడం మీలాంటివారికి భావ్యమా?
— వాషర్‌మన్‌పేట

మాస్టారూ, మీ కోపం నాకు అర్థమైంది, కానీ చందమామ పేరు ఎత్తి మీరే నాకు దొరికిపోయారు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి ఈ ఊళ్ళోనే మొదలుపెట్టిన పత్రిక అది, తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి. అందులో మీరూ నేనూ ముందుగా ఏ పేజీ తిప్పేవాళ్ళం? బేతాళ కథే కదా! అర్ధరాత్రి శ్మశానం, చెట్టుకి వేలాడే శవం, భుజమ్మీద దెయ్యం. శంకర్ గారు వేసిన ఆ బొమ్మ, కత్తి పట్టుకుని శవాన్ని మోసుకెళ్ళే విక్రమార్కుడు, చూసి రాత్రి బాత్రూముకి వెళ్ళడానికి భయపడ్డవాళ్ళు మీ బ్యాచ్‌లో కూడా ఉండే ఉంటారు.

పైగా అక్కడా ఉన్నది షరతే. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం పోయి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రాజు ఎంత బలవంతుడైనా ఆ ఇరుకులోంచి బయటపడలేడు కాబట్టే అన్నేళ్ళు నడిచింది. గజేంద్రుణ్ణి పట్టిన మొసలి కూడా పుట్టుకతో దుర్మార్గురాలు కాదు, దేవల ముని శాపం పడ్డ హూహూ అనే గంధర్వుడు. మన పురాణాల్లో శాపం ఎక్కడుందో అమెరికా కామిక్స్‌లో అక్కడ ప్రయోగశాల ప్రమాదం ఉంటుంది.

నీతి విషయానికొస్తే, మీరు విని ఆశ్చర్యపోతారు. 1954లో అమెరికా ప్రచురణకర్తలు తమకి తామే ఒక నియమావళి పెట్టుకున్నారు, కామిక్స్ కోడ్ అని. ప్రతి కథలో మంచే గెలవాలి, నేరస్థుడి మీద జాలి కలిగేలా రాయకూడదు, ఇలాంటివి ఉండేవి. 1971లో కాస్త సడలించారు. టైగర్ షార్క్ పుట్టింది 1968లో, అంటే కోడ్ గట్టిగా ఉన్న రోజుల్లోనే. అయినా వాడి మొదటి కథ చదివితే జాలి కలుగుతుంది. ఎలా తప్పించారంటే, జాలి అంతా వాడు మనిషిగా ఉన్న పేజీల్లో పెట్టేసి, కోరలొచ్చాక చేసే పనుల్లో మాత్రం ఎక్కడా కరుణ చూపలేదు. రాయ్ థామస్ తెలివి అది.

మనవడు ఏ పుస్తకం చదువుతున్నాడో ఒకసారి మీరూ పక్కన కూర్చుని చదవండి సార్. ఒక్క మాట మాత్రం మీతో ఒప్పుకుంటాను, ఇప్పటి కొన్ని కామిక్స్ పెద్దవాళ్ళ కోసం రాసినవి, వాటిలో రక్తం ఎక్కువ. కవర్ మీద వయసు వేసి ఉంటుంది, అది చూసి ఇవ్వండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్ళు, బటర్‌ఫ్లై స్విమ్మర్. భుజం నొప్పి వచ్చి డాక్టర్ కొన్ని వారాలు నీళ్ళలోకి దిగొద్దన్నారు. ఇంట్లో కూర్చుని వాళ్ళన్నయ్య పుస్తకాల్లో ఈ టైగర్ షార్క్ కథ చదివి, "నాక్కూడా అలా ఎవరైనా చేస్తే బాగుండు" అంటోంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెలిసినావిడ ఒకరు సొరచేప మృదులాస్థి క్యాప్సూల్స్ వాడమంటున్నారు. టెన్షన్‌గా ఉంది, పుస్తకాలు దాచెయ్యనా?
— వేలచ్చేరి

పుస్తకాలు దాచకండమ్మా, దాస్తే ఆ కథకి లేనిపోని విలువ వస్తుంది. పూర్తిగా చదవమనండి. టాడ్ ఆర్లిస్‌కి ఈత తిరిగొచ్చిన తర్వాత ఒక్క పతకం కూడా రాలేదు, వచ్చిందల్లా వందల పేజీల తన్నులు. మీ అమ్మాయికి మీరు చెబితే వినకపోవచ్చు, ఆ పేజీలు చెబుతాయి.

ఇంకో మాట కూడా చెప్పండి, ఆ డార్కస్ అనేవాడు శాస్త్రవేత్తగా కూడా పనికిమాలినవాడు. వెన్ను దెబ్బతిన్నవాడికి సొరని ఎక్కించడమేంటి? సముద్రంలోనే లాంప్రే అని పాములా ఉండే, దవడలు లేని చేప ఒకటుంది. దాని వెన్నుపాము పూర్తిగా తెగినా పది పన్నెండు వారాల్లో నరాలు మళ్ళీ పెరిగి ఈదేస్తుంది. మనుషుల్లో తెగిన వెన్నుపాము ఎందుకు అతుక్కోదో తెలుసుకోవడానికి పరిశోధకులు చాలాకాలంగా దాన్నీ, జీబ్రాఫిష్‌నీ చూస్తున్నారు. కానీ "లాంప్రే మ్యాన్" అంటే పుస్తకం ఎవరు కొంటారు, అదీ నిజమే.

క్యాప్సూల్స్ మాత్రం వద్దు. ఆ వ్యాపారం 1990లలో బాగా ఊపందుకుంది, సొరచేపలకి క్యాన్సర్ రాదు, వాటి అస్థిపంజరమంతా మృదులాస్థే కాబట్టి అది తింటే మనకీ రాదు అన్న ప్రచారంతో. సొరలకి కూడా కణితులు వస్తాయని నమూనాలతో సహా చూపించారు, క్యాన్సర్ రోగుల మీద చేసిన పరీక్షల్లోనూ ఆ పొడి వల్ల మేలు కనబడలేదు. భుజానికి కావలసింది విశ్రాంతి, ఆ తర్వాత భుజం చుట్టూ ఉన్న కండరాల్ని బలపరిచే వ్యాయామం. స్విమ్మర్లకి భుజం నొప్పి ఎంత మామూలంటే దానికి స్విమ్మర్స్ షోల్డర్ అనే పేరే ఉంది. డాక్టర్ చెప్పిన గడువు పూర్తికాకుండా దింపకండి, ఈలోగా కాళ్ళ సాధన ఏదైనా చెయ్యొచ్చా అని ఫిజియోథెరపిస్టుని అడగండి. ఏడుపు వస్తే ఏడవనివ్వండి. ఆ వయసులో ఈత ఆగితే ప్రపంచం ఆగినట్టే ఉంటుంది, అది చిన్న బాధేం కాదు.

ప్రశ్న: కింగ్ షార్క్ ఎవరు? సినిమాలో చూసి నవ్వాను, కానీ వాడికి కథ ఉందా?
— ఇందిరానగర్, బెంగళూరు

చెన్నై వాళ్ళ మధ్యలో బెంగళూరు నుంచి దూరారు, సముద్రం లేని ఊరని జాలిపడి జవాబిస్తున్నా.

ఉంది, పైగా ఈ మొత్తం గుంపులో వేళ్ళు లోతుగా ఉన్నది వాడికే. డీసీ వాళ్ళు 1994లో సూపర్‌బాయ్ పత్రికలో తెచ్చారు. ఆ కథలు హవాయిలో నడిచేవి కాబట్టి విలన్నీ అక్కడి నుంచే తీసుకున్నారు. 2021లో వచ్చిన సూసైడ్ స్క్వాడ్ సినిమాలో సిల్వెస్టర్ స్టాలోన్ గొంతు ఇచ్చింది వాడికే. అసలు పేరు ననావే.

ఆ పేరు హవాయి వాళ్ళ పాత జానపద కథలోది. కామోహోఆలీ అనే సొరల దేవుడు మనిషి రూపంలో వచ్చి వైపియో లోయలో ఒక అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాడు. వెళ్ళిపోతూ ఒకటే చెబుతాడు, పుట్టే బిడ్డకి మాంసం మాత్రం పెట్టొద్దని. పిల్లాడు పుడతాడు, వీపు మీద సొరచేప నోరుతో. తల్లి దాన్ని గుడ్డ కప్పి దాస్తుంది, అన్నీ జాగ్రత్తగానే చేస్తుంది. కానీ తాత ఉన్నాడే, మనవడు పెద్ద యోధుడవ్వాలని తన పక్కన కూర్చోబెట్టుకుని మాంసం తినిపిస్తాడు. ఇంక ఆ ఆకలి ఆగదు. పెద్దయ్యాక దారిలో కూర్చుని సముద్రానికి వెళ్ళేవాళ్ళని "ఎక్కడికి, స్నానానికా?" అని పలకరించి, సొరచేపలతో జాగ్రత్త అని హెచ్చరించి మరీ, నీళ్ళలో తానే సొరగా మారి వెనకాలే వెళ్ళేవాడట. చివరికి మొలోకాయి దీవిలో పట్టి చంపుతారు.

మళ్ళీ అదే చూడండి, ఒక్క షరతు. తప్పింది విలన్ కాదు, ముద్దు చేసిన తాత. వాషర్‌మన్‌పేట మాస్టారు ఇది చదవకుండా ఉంటే మేలు.

ప్రశ్న: బ్లాక్ మాంటాకి ఏ చేప శక్తులున్నాయి?
— సౌకార్‌పేట

ఏమీ లేవు. ఆక్వామ్యాన్ అనే సముద్రం హీరోకి శత్రువుగా 1967లో వచ్చాడు, మామూలు మనిషి. ఆ పెద్ద కళ్ళ హెల్మెట్టూ, అందులోంచి వచ్చే కిరణాలూ అన్నీ సూటుకి అమర్చిన సామాను.

ప్రశ్న: మా ఇల్లు రాయపురంలో. పిల్లలు ఈ కథలు చదివి మెరీనాకి వెళ్తే కాళ్ళు కూడా తడుపుకోవడం లేదు, సొర లాగేస్తుందని. మన సముద్రంలో నిజంగా టైగర్ షార్క్ ఉందా?
— గృహిణి

ఉందండీ. బంగాళాఖాతంలో ఆ జాతి ఉంది. ఐదు మీటర్ల దాకా పెరుగుతుంది, పిల్లప్పుడు ఒంటి మీద చారలుంటాయి, పెద్దయ్యేకొద్దీ మాసిపోతాయి. తాబేలు డిప్పని కోసేంత రంపపు పళ్ళు. దొరికిందల్లా మింగుతుంది, టైర్లూ కారు నంబరు ప్లేట్లూ కూడా దాని కడుపులో దొరికాయి. ముక్కు చుట్టూ ఉండే సన్నటి రంధ్రాలతో, ఇసుకలో దాక్కున్న చేప కండరాల్లో పుట్టే కరెంటుని కూడా పసిగడుతుంది. విచిత్రం ఏంటంటే కామిక్స్ వాళ్ళు కోరలు తీసుకున్నారు, కోపం అంటగట్టారు, ఈ అద్భుతమైన శక్తిని మాత్రం పెద్దగా వాడుకోలేదు.

దీనితో ముడిపడ్డ నిజం కేసొకటి ఉంది, ఏ కామిక్కూ దాని ముందు నిలబడదు. 1935 ఏప్రిల్‌లో సిడ్నీలోని కూజీ అక్వేరియంలో, కొద్ది రోజుల కిందటే పట్టి తెచ్చిన టైగర్ షార్క్ ఒకటి జనం చూస్తుండగా మనిషి చెయ్యి కక్కేసింది. దాని మీద ఇద్దరు బాక్సర్ల పచ్చబొట్టు. ఆ బొమ్మతో, వేలిముద్రలతో మనిషి ఎవరో తేల్చారు. డాక్టర్లు చూస్తే ఆ చెయ్యి సొర కొరికింది కాదు, కత్తితో కోసింది! అంటే హత్య చేసి సముద్రంలో పడేస్తే ఈ నోరులేని జీవం సాక్ష్యం తెచ్చి ఒడ్డున పెట్టింది. కేసు కోర్టుకెళ్ళినా చివరికి ఎవరికీ శిక్ష పడలేదు.

మెరీనాలో భయపడాల్సింది సొరకి కాదు. ప్రపంచం మొత్తమ్మీద మనిషి రెచ్చగొట్టకుండా సొరలు కరిచే ఘటనలు ఏడాదికి సగటున 60, 70 మించవు, వాటిలోనూ ప్రాణం పోయేవి కొన్నే. మనుషులు చంపే సొరలు ఏడాదికి పది కోట్లని 2013లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు, ఎవరు విలనో మీరే చూసుకోండి. మెరీనాలో ప్రాణాలు తీసేది లోపలికి లాగే నీటి ప్రవాహం. పైకి అల చిన్నగా కనబడుతుంది, కాలి కింద ఇసుక జారిపోతుంది. పోలీసులు స్నానం వద్దని హెచ్చరించేది అందుకే. పిల్లలు కాళ్ళు తడుపుకోవచ్చు, మీ చెయ్యి పట్టుకుని, చీలమండ దాటకుండా.

మీది రాయపురం కాబట్టి కాశిమేడు రేవు పక్కనే. అక్కడ అమ్మే చిన్న సొరతో పుట్టు చేస్తారు కదా, బాలింతలకి పాలు పడతాయని పెడతారు, మన నెల్లూరు వైపు కూడా ఆ అలవాటు ఉంది. అన్ని సొరలూ పట్టడానికి వీల్లేదని మాత్రం తెలుసుకోండి. తిమింగలమంత ఉండే వేల్ షార్క్‌కి 2001 నుంచీ వన్యప్రాణి చట్టంలో పులితో సమానమైన రక్షణ ఉంది. రెక్కలు కోసుకుని మిగతా శరీరాన్ని సముద్రంలో పారేయడాన్ని 2013లో, రెక్కల ఎగుమతిని 2015లో నిషేధించారు.

ప్రశ్న: అంకుల్, నేను ఐదో క్లాసు. నేనే ఒక విలన్‌ని తయారు చేస్తున్నాను. సొర, ఆక్టోపస్ అందరూ వాడేశారు. ఇంకా ఎవ్వరూ వాడని సముద్రం జంతువు చెప్పండి. వాడు చాలా స్ట్రాంగ్‌గా ఉండాలి. ఎవ్వరూ ఓడించకూడదు.
— కీల్పాక్

బాబూ, నీకు మాంటిస్ ష్రింప్ ఇస్తున్నా. ఎవ్వరూ వాడలేదని ప్రమాణం చెయ్యలేను గానీ మీ క్లాసులో మాత్రం నువ్వే మొదటివాడివి. ముందు కాళ్ళు ప్రేయింగ్ మాంటిస్ అనే పురుగుకున్నట్టు మడిచి పెట్టుకునే జీవి, చూడటానికి రొయ్యలా ఉంటుంది. దీని చుట్టాలు మన తీరంలో కూడా వలల్లో పడుతుంటాయి, ఎవరూ కొనరని పారేస్తుంటారు. నేను చెప్పేది రంగురంగుల నెమలి రకం. అరచేతిలో పట్టేంతే ఉంటుంది. కానీ దాని ముందు కాళ్ళు సుత్తుల్లాంటివి, సెకనుకి 23 మీటర్ల వేగంతో కొడుతుంది, అంటే గంటకి 80 కిలోమీటర్లు, అదీ నీళ్ళలో! ఆ వేగానికి నీళ్ళలో బుడగ పుట్టి పగులుతుంది, ఆ పగలడమే రెండో దెబ్బ. నత్త గుల్ల పిండి అయిపోతుంది, ఒక్కోసారి అక్వేరియం అద్దం కూడా. మన కళ్ళలో రంగుల్ని పట్టే కణాలు మూడు రకాలైతే దానికి పన్నెండు. అయినా దగ్గరదగ్గరి రంగుల్ని విడదీసి చూడటంలో మనకంటే వెనకే అని 2014లో పరీక్షించి చెప్పారు, కాబట్టి నీ విలన్‌కి ఆరెంజ్ రంగుకీ పసుపు ఆరెంజ్‌కీ తేడా తెలియదని పెట్టుకో, హీరో తప్పించుకోవడానికి పనికొస్తుంది.

ఎవ్వరూ ఓడించకూడదు అన్నావు చూడు, అక్కడే నీతో గొడవ. అలా పెడితే రెండో సంచికలో ఏం రాస్తావు? ఈ జీవికి దేవుడే ఒక షరతు పెట్టాడు, అది తీసుకో. పెరగాలంటే ఇది తన గట్టి పెంకుని అప్పుడప్పుడూ విడిచెయ్యాలి. కొత్త పెంకు వచ్చి గట్టిపడేదాకా ఒళ్ళంతా మెత్తగా ఉంటుంది, ఆ సుత్తులతో కొడితే దానికే దెబ్బ. అప్పుడు తన గుంతలోకి ఇంకొకటి దూరడానికి వస్తే ఏం చేస్తుందో తెలుసా? కొట్టలేదు కాబట్టి, చేతులు రెండూ బార్లా చాపి, ఇప్పుడే చంపేస్తాను అన్నట్టు నిలబడుతుంది. ఉత్త బెదిరింపు! వచ్చింది చాలాసార్లు నమ్మి వెళ్ళిపోతుంది కూడా.

నీ విలన్ కూడా అంతే. ఏడాదిలో కొన్ని రోజులు వాడు మెత్తబడతాడు, ఆ రోజులు ఎప్పుడో వాడికి తప్ప ఎవరికీ తెలియదు. హీరో ఎదురైన ప్రతిసారీ వాడు చేతులు చాపి నవ్వుతాడు. అది నిజమా, బెదిరింపా? అది కనిపెట్టడం హీరో పని. బొమ్మలో మాత్రం గట్టిగా ఉన్న రోజైనా, మెత్తబడ్డ రోజైనా వాడి ముఖం ఒకేలా ఉండాలి, చదివేవాళ్ళకి కూడా తెలియనివ్వకు. పేరు నువ్వే పెట్టుకో. మొదటి నాలుగు పేజీలు అయ్యాక స్కెచ్ పెన్నుతో రంగులు వెయ్యకముందే ఫోటో తీసి పంపు, పెన్సిల్ గీతలే నాకు చూడాలని ఉంది.